ఏ దేశంలో ఉంటారు?

మా గోదావరి వైపువారికి యానాం కొత్త కాదు. చుట్టూ ఆంధ్రదేశం, నడుమ పుదుచ్చేరి. 1954 వరకు అది ఫ్రెంచివారి పాలనలో ఉండేది. ఇప్పుడు బస్సులో కునుకు తీస్తే ఎప్పుడు దాటామో కూడా తెలియదు. అందువల్లనే కాబోలు, పశ్చిమ బెంగాల్‌లోని కూచ్ బిహార్ సరిహద్దు పాత పటాన్ని మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు కళ్ళు తిప్పుకోలేకపోయాను.

బంగ్లాదేశ్ కడుపులో 111 భారత భూఖండాలు, మన కడుపులో 51 బంగ్లాదేశ్ భూఖండాలు. వాటిని ఛిట్‌మహల్‌లు అనేవారు. దహలా ఖాగ్రాబారి మరీ విచిత్రం. బంగ్లాదేశ్‌లో ఒక భారత భూఖండం, అందులో ఒక బంగ్లాదేశ్ ముక్క, ఆ ముక్కలో మళ్ళీ మన దేశపు పొలం!

పటం మీద ముచ్చటగానే ఉంటుంది. అక్కడ బతకడమే కష్టం. సొంత దేశపు బడి గానీ, పోలీసు గానీ పరాయి నేల దాటి రాలేరు. చుట్టూ ఉన్న దేశం వారిని తనవారిగా లెక్కపెట్టదు. పిల్లవాణ్ణి బడిలో వేయాలంటే చుట్టుపక్కల పౌరుడెవరినో తండ్రిగా రాయించవలసి వచ్చేది. కాన్పుకు ఆసుపత్రిలో చేరాలంటే మరెవరినో భర్తగా చూపవలసి వచ్చేది.

ఇందిరాగాంధీ, షేక్ ముజిబుర్ రహమాన్ 1974లోనే ఒప్పందం చేసుకున్నారు. బంగ్లాదేశ్ ఆ ఏడే ఆమోదించింది. మనకు 41 ఏళ్ళు పట్టింది. భూమి ఇవ్వాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి. పైగా మనం 17,160 ఎకరాలిచ్చి 7,110 ఎకరాలు పుచ్చుకోవాలి. అంగుళం నేలైనా వదలరాదన్న వాదానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ నేల మీది మనుషులకు మనం ఏమిచ్చామని మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు.

చివరకు 2015 మేలో నూరవ రాజ్యాంగ సవరణ ఉభయసభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది. జులై 31 అర్ధరాత్రి మార్పిడి జరిగింది. అంతకుముందే అక్కడివారిని ఏ దేశంలో ఉంటారని అడిగారు. నన్ను కదిలించింది ఈ ప్రశ్నే. యాభైవేల పైచిలుకు జనంలో అటునుంచి ఇటు వస్తామన్నవారు వెయ్యిమంది లోపే. ఇటునుంచి అటు ఒక్కరూ పోలేదు. తక్కినవారంతా తమ పెరడును, తమ పొలాన్ని ఎంచుకున్నారు.

అన్నీ చక్కబడ్డాయని కాదు. ఇటు వచ్చినవారు కొన్నేళ్ళు రేకుల శిబిరాల్లోనే గడిపారు. 2011లో సంతకం దాకా వచ్చిన తీస్తా జలాల ఒప్పందం ఆగిపోయింది. అయినా, పదివేల ఎకరాలు పోయాయని ఎవరైనా వాపోతే నాకు ఆ బడి దరఖాస్తే గుర్తుకొస్తుంది. అందులో పిల్లవాడు సొంత తండ్రి పేరు రాసుకోవడానికి అది ఎక్కువ ధరా? మీరే చెప్పండి.