ఒక్కటే ఇచ్చాను, రెండంటోంది!

మొన్న శనివారం మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం పైథాన్‌లో మెట్రో కార్డు ప్రోగ్రాం రాస్తూ కూచుంది. దుబాయ్ మెట్రో మొదలైంది 2009 సెప్టెంబరు 9న. తను ఆ తర్వాత పుట్టిన పిల్ల. గేటు దగ్గర నోల్ కార్డు ఆనించడమే తప్ప కాగితం టికెట్ ఎరగదు.

క్లాసు పేరు నోల్. అందులో తగ్గించు(రుసుము) అని ఒక మెథడ్. అమ్మ_కార్డు.తగ్గించు(3) అని పిలిచిందో లేదో, ఎర్రక్షరాల్లో తిట్లు! ఈ మెథడ్ తీసుకునేది 1, ఇచ్చినవి 2 అని.

"నాన్నా, నేను ఒకటే ఇచ్చింది కదా, రెండంటోందేంటి?"

ఇక్కడ పెరిగిన పిల్లల తెలుగు ఇంతే. నేను వచ్చింది, నేను తిన్నది. నేను దిద్దడం, తను మూతి ముడవడం మామూలే. ఇన్నేళ్ళుగా జూనియర్లు ఎవరడిగినా "సెల్ఫ్ పెట్టాలంతే" అని తప్పించుకున్న నాకు, ఆ రోజు దాని తప్పులోనే జవాబు దొరికింది.

"'ఇచ్చాను' అంటే ఎవరు ఇచ్చినట్టు?"

"నేను."

"నేను అన్న మాట అందులో లేదుగా?"

కాసేపు ఆలోచించి, "చివర 'ను' ఉంది" అంది.

పైథాన్‌లోనూ అంతే తల్లీ అన్నాను. చుక్కకి ముందున్న అమ్మ_కార్డు కూడా చెప్పకుండానే లోపలికి వెళ్తుంది. నిజానికి జరిగేది నోల్.తగ్గించు(అమ్మ_కార్డు, 3). ఆ రెండోది అదే. దాన్ని అందుకోడానికి మెథడ్‌లో మొదట ఒక చోటుంచాలి. ఆ చోటు పేరు సెల్ఫ్. లోపల కూడా సెల్ఫ్.బ్యాలెన్స్ అనాలి. ఉత్త బ్యాలెన్స్ అంటే ఎవరిదని? మెథడ్ ఒక్కటే, కార్డులు ఎన్నో. మీ అమ్మ గేటు దాటితే నా కార్డులో 3 దిర్హాములు పోతే ఎలా?

ఈ సెల్ఫ్ గోల తీసేద్దామన్నవాళ్ళూ ఉన్నారు. ఉండాల్సిందేనని పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2008లో రాశాడు. అది కీవర్డేం కాదు, అందరి అలవాటు. పైథాన్ 3లో తెలుగు పేర్లు కూడా చెల్లుతాయంటే, మా పిల్ల సెల్ఫ్ చెరిపేసి "తాను" అని పెట్టింది. నడిచింది! చదివే టీచరు కోసం మళ్ళీ సెల్ఫ్ చేయించాననుకోండి.

కాసేపటికి వంటింట్లోంచి వినబడింది: "అమ్మా, ప్రాజెక్టు అయిపోయింది. మొత్తం నేనే చేశాను!"

మొత్తం తనేనట. పోనీలెండి, చివర 'ను' పెట్టింది :)