లెక్కకు రాని బంతులు

బోస్టన్ నగరంలో కెన్‌మోర్ కూడలికి కూతవేటు దూరంలో, ఎర్ర ఇటుక గోడల నడుమ ఇరుక్కుని ఒక పాత క్రీడాప్రాంగణం ఉంది. పేరు ఫెన్‌వే పార్క్. టైటానిక్ నౌక మునిగిన ఐదు రోజులకు, 1912 ఏప్రిల్ 20న, అక్కడ తొలి లీగ్ పోటీ జరిగింది. అమెరికా పెద్ద లీగ్ బేస్‌బాల్ మైదానాలలో అంతకంటె పాతది నేడు మరొకటి లేదు. యాత్రికులు ప్రధానంగా చూడవచ్చేది ఎడమ వైపున 37 అడుగుల ఎత్తున నిలిచిన ఆకుపచ్చ గోడను. దాని ముందు ఫొటో తీయించుకుని, వేయించిన వేరుశనగకాయల పొట్లం కొనుక్కుని, తమ ఆసనాలు వెతుక్కుంటారు. కుడి వైపున ఐదడుగుల గోడ వెనుక ఉన్న రెండు ఇరుకు దొడ్లను పట్టించుకునేవారు తక్కువ. కాని ఆట మొదలు కావడానికి అరగంట ముందే అక్కడ పని మొదలవుతుంది.

ఆ చోటును బుల్‌పెన్ అంటారు. ఎద్దుల దొడ్డి అని అర్థం. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే కథలు చాలా ఉన్నాయి, ఒకదానితో ఒకటి పొసగవు. మన పల్లెలలో బందెలదొడ్డిని చూసినవారికి పోలిక చటుక్కున తోస్తుంది. పొడవాటి సన్నని జాగా, చుట్టూ గోడ, లోపల పిలుపు కోసం కాచుకుని ఉన్న బలిష్ఠులు. ఫెన్‌వేలో ఈ దొడ్లను 1940లో కట్టారు. వాటి వల్ల ఆ వైపు సరిహద్దు ఇరవై అడుగులకు పైగా లోపలికి జరిగింది. ఎడమచేతి వాటం బ్యాటరు టెడ్ విలియమ్స్ కొట్టే బంతులు సులువుగా గోడ దాటడానికే ఈ ఏర్పాటు అని జనం అనుకున్నారు. ఆ చోటికి విలియమ్స్‌బర్గ్ అని ముద్దుపేరు పెట్టారు. బంతి విసిరేవారి కోసం కట్టిన వసతి బంతి కొట్టేవాడికి మేలు చేయడం ఒక చమత్కారమే.

బంతి విసిరేవాణ్ని పిచర్ అంటారు. క్రికెట్ బౌలరుకు పరుగు ఊతమిస్తుంది. పిచరుకు ఆ సదుపాయం లేదు. పది అంగుళాల ఎత్తున్న మట్టిదిబ్బ మీద, ఒక రబ్బరు పలకకు పాదం ఆనించి నిలబడిన చోటి నుంచే విసరాలి. ఎదుటి పలక 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉంటుంది. గంటకు 150 కిలోమీటర్లు దాటిన బంతి ఆ దూరాన్ని అర సెకనులోపే గడుస్తుంది. ఆ విసురులో భుజం తిరిగే వేగం, గరిష్ఠ క్షణాన, సెకనుకు ఏడు వేల డిగ్రీల వరకు ఉంటుందని శాస్త్రజ్ఞులు కొలిచారు. మనిషి దేహం చేసే కదలికలలో ఇంత వేగమైనవి అరుదు. చల్లబడి ఉన్న కండరం మీద ఆ భారం మోపితే ఏమవుతుందో ఊహించవచ్చు.

అందువల్ల ఆ రాత్రి ఆట ప్రారంభించవలసిన పిచర్ దినచర్య ఒక క్రతువులా సాగుతుంది. అతని వంతు ఐదారు రోజులకొకసారి వస్తుంది. ముందు గదిలో వేడి కాపడం, మర్దనం. తరువాత గోడకు కట్టిన రబ్బరు పట్టీలను లాగుతూ భుజంలోని చిన్న కండరాలను ఒక్కొక్కటిగా మేలుకొలుపుతాడు. ఆ పైన పచ్చికలోకి వచ్చి మెల్లగా పరుగెత్తి, సహచరుడితో బంతి ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెడతాడు. మొదట దగ్గరగా; క్రమంగా వెనక్కు జరుగుతూ నూట ఇరవై అడుగులకు పోతాడు. కొందరు రెండు వందలు దాటి, ఆకాశంలోకి విల్లులా వంచి విసురుతారు. కొందరు అదంతా వృథా ప్రయాస అంటారు. ఈ విషయంలో గురువులకే ఏకాభిప్రాయం లేదు.

చివరికి దొడ్డిలోని దిబ్బ. క్యాచరు మొదట నిలబడే నాలుగు బంతులు అందుకుంటాడు. ఆ తరువాతే గొంతుకు కూర్చుంటాడు. ముందు నేరుగా వచ్చే వేగపు బంతి, పలకకు ఈ అంచున కొన్ని, ఆ అంచున కొన్ని. తరువాత వేగం తగ్గించి మోసగించే బంతి, ఆఖరున వంపు తిరిగేవి. అన్నీ కలిపి సుమారు ముప్పై. ఒక్కోసారి ఎవరో ఒకరు బ్యాటరులా పక్కన నిలబడతారు. ఏప్రిల్ నెలలో బోస్టన్ చలి ఇంకా వదలదు. వేళ్లు కొయ్యబారితే బంతి మీది కుట్లు పట్టు చిక్కవు. చలి రోజున దిబ్బ మీద చేతిలోకి ఊదుకోవడానికి కూడా నిబంధనల పుస్తకంలో ఒక మినహాయింపు ఉంది; ఇరు జట్ల మేనేజర్లూ ఒప్పుకోవాలి. బంతి నున్నదనం పోగొట్టడానికి డెలావేర్ నదికి చెందిన ఒక ఉపనది బురదను ముందే దానికి పూస్తారు. 1938లో మొదలైన ఆ అలవాటు నేటికీ పోలేదు.

పని ముగిశాక పిచరు తువాలు భుజాన వేసుకుని, క్యాచరుతో కలిసి, పచ్చిక మీదుగా తన జట్టు అరుగుకేసి నడుస్తాడు. దారి పొడవునా ప్రేక్షకులు లేచి చప్పట్లు కొడతారు. ఇదంతా ముందే తెలిసిన వేళకు జరిగే పని. ఆట నడుమ వచ్చే పిచరుకు ఈ భాగ్యం లేదు.

అతడు బల్ల మీద కూర్చుని ఉంటాడు. దొడ్డిలో టెలిఫోను మోగుతుంది. శిక్షకుడు ఎత్తి, విని, ఒక పేరు పలుకుతాడు. ఆ పేరు గలవాడు చొక్కా విప్పి లేస్తాడు. చేతిలో ఉన్నవి కొన్ని నిమిషాలు, పదిహేను ఇరవై బంతులు. ఇంతలో మైదానంలో పరిస్థితి చక్కబడితే కూర్చోమంటారు. మళ్లీ మోగితే మళ్లీ లేవాలి. ఒకే రాత్రి రెండుసార్లు చేయి కాచుకుని, ఒక్క బంతి కూడా ఆటలో వేయకుండా ఇంటికి వెళ్లినవారు ఎందరో. మరునాటి పత్రికలోని గణాంకాల పట్టిక ప్రకారం ఆ చేయి విశ్రాంతి తీసుకుంది. జట్టువారు తమ పుస్తకంలో ఆ శ్రమ రాసుకుంటారు. ప్రజలకు తెలిసే లెక్కలో అది లేదు. ప్రతి విసురు వేగాన్నీ వంపునూ యంత్రాలతో కొలిచి ప్రకటించే ఈ క్రీడలో ఈ లోటు మాత్రం సమర్థించరానిది.

2018 ఛాంపియన్‌షిప్ పోటీలలో బోస్టన్ జట్టు పిచర్ నేథన్ ఇవాల్డీ కథ ఇందుకు సాక్ష్యం. అప్పటికే అతని మోచేతికి రెండుసార్లు టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. తెగిన స్నాయువు స్థానంలో మరొక స్నాయువును అమర్చే ఆ చికిత్సను 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి చేశారు; రోగి అయిన పిచరు పేరే దానికి స్థిరపడింది. కండరాలను కాపడం పెట్టి కాపాడుకోవచ్చుగాని స్నాయువుకు ఆ వెసులుబాటు తక్కువ. ఇవాల్డీ అక్టోబరు 23, 24 తేదీలలో ఫెన్‌వేలో వరుసగా రెండు రాత్రులు ఎనిమిదో ఇన్నింగ్స్ వేశాడు. నాలుగో పోటీని అతడే ఆరంభించవలసి ఉంది. కాని 26న లాస్ ఏంజెలిస్‌లో మూడో పోటీ ముగియనంటూ సాగింది. పన్నెండో ఇన్నింగ్స్‌లో అతణ్ని పిలిచారు. 97 బంతులు వేశాడు. పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో మాక్స్ మన్సీ కొట్టిన బంతి గోడ దాటింది. 7 గంటల 20 నిమిషాల ఆట 3-2తో ముగిసింది. చరిత్రలో నిలిచిన అంకె ఆ 97. ప్రతి ఇన్నింగ్స్ ముందు వేసే సన్నాహపు బంతులు ఆ లెక్కలో లేవు. దొడ్డిలో వేసినవి వేరు. బోస్టన్ ఆ ఛాంపియన్‌షిప్ గెలిచింది. మరుసటి ఏప్రిల్‌లో అతని మోచేతికి ఇంకో చిన్న శస్త్రచికిత్స అవసరమైంది. అతడు కోలుకుని 2023లో టెక్సస్ జట్టుతో మళ్లీ విజేత అయ్యాడు.

ఈ విద్య మనవారికీ కొంత తెలుసు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈటె విసిరే యువకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో ఒక పోటీలో నెగ్గి, కాలిఫోర్నియాలో టామ్ హౌస్ వద్ద శిక్షణ పొంది, ఆ ఏడాదే పిట్స్‌బర్గ్ జట్టుతో ఒప్పందం కుదుర్చుకున్నారు. భుజబలం వారికి ముందే ఉంది. కొత్తగా నేర్వవలసి వచ్చింది ఆ బలాన్ని రోజురోజుకూ సిద్ధం చేసి, దాచి, మళ్లీ సిద్ధం చేసే పద్ధతి.

ఫెన్‌వేలో తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి దొడ్డి పక్కనున్న ఆసనాలవారు గోడ మీదుగా తొంగిచూసి అతిథి పిచర్లను ఆటపట్టిస్తూ ఉంటారు. లోపల ఇద్దరు లేచి బంతులు వేస్తుంటారు. తలుపు తెరుచుకుని ఒకడు మైదానంలోకి పరుగెడతాడు. రెండోవాడు మరో రెండు బంతులు వేసి ఆగి, చొక్కా తొడుక్కుని, చేయి చల్లబడకుండా మడిచి పెట్టుకుని, తిరిగి బల్ల మీద కూర్చుంటాడు.