పెనుకొండలో ఒక పగలు

సోదరీమణులారా, మనము ఊరు దాటవలెనన్న ఒక తీర్థమో, పెండ్లియో, పురుడో కావలెను. పాడుపడిన కోటను చూచుటకై ఇల్లు విడిచెదమన్న ఇరుగుపొరుగువారు నవ్వుదురు. మా హిందూపురమునుండి ధర్మవరము పోవు రైలుదారిలోనే పెనుకొండ యున్నను, పదియేండ్ల కాపురములో దానిని మేము బండి కిటికీనుండి చూచితిమేగాని దిగి యెరుగము.

ఈ యేడు మావారు తమ శిష్యుల నెనమండుగురను వెంటబెట్టుకొని అచ్చటికి పోవ నిశ్చయించి, మమ్ములను గూడ రమ్మనిరి. "మధ్యాహ్నమునకు కోట చూచి, సాయంకాలమునకు ధర్మవరము చేరి నీకు పట్టుచీర కొనెదను" అని ఆశపెట్టిరి. పదిమందికి చిత్రాన్నమును, పెరుగన్నమును చేసి మోయువారు కావలెనన్న సంగతి మాత్రము చెప్పలేదు.

మావారు బడిలో గణితము చెప్పుదురు. అయినను శిథిలములను చూడగానే మగవారికి చరిత్ర పూనును గాబోలు! కొండ క్రింద గగనమహలు ముందర నిలిచి, గొంతు సవరించుకొని, "బాలకులారా, యుద్ధములో ఓడిన శ్రీకృష్ణదేవరాయలు విజయనగరమును విడిచి వచ్చి తలదాచుకొన్నది ఇచ్చటనే" అనిరి. పిల్లలు వ్రాసికొనసాగిరి.

మాకు చేతిలోని సంచి బరువు మరపునకు వచ్చెను. బాల్యమున మా తండ్రిగారు మాచేత వసుచరిత్రము చదివించుచు, దానిని అంకితమందిన తిరుమలరాయల కథ యెల్ల చెప్పియుండిరి. పెండ్లియైన పిమ్మట ఆ గ్రంథము అటకయెక్కెను. దానితోపాటు ఆ చదువును. ఇప్పుడు పలికితిమా, పిల్లల యెదుట పతిని చిన్నబుచ్చినట్లగును. పలుకకుంటిమా, ఎనిమిది పుస్తకములలో తప్పు నిలిచిపోవును. ఏమి చేయుదుము?

"ఏమండీ, వసుచరిత్రమును అంకితమందిన తిరుమలరాయలు గూడ ఇచ్చటనే యుండెనా?" అని మెల్లగా అడిగితిమి.

మావారు మావంక చూచిరి. క్షణకాలము మా గుండె నిలిచిపోయెను. అంతట వారు పకపక నవ్వి, "పిల్లలారా, నేను చెప్పినది కొట్టివేయుడు. అమ్మగారు చెప్పుదురు" అనిరి.

నలుగురిలో నోరు విప్పుట మాకదే మొదలు. గొంతు వణకుచుండగనే చెప్పితిమి: కృష్ణదేవరాయలు 1529లోనే గతించెను. రాక్షసి-తంగడి యుద్ధము జరిగినది 1565లో. ఆ యుద్ధమున అళియ రామరాయలు మడియగా, ఆయన తమ్ముడైన తిరుమలరాయలు సదాశివరాయలను వెంటగొని విజయనగరము విడిచి, పెనుకొండను రాజధానిగా చేసికొనెను. "పిమ్మట శత్రువులు నగరము ప్రవేశించి సర్వమును దోచుకొనిరి" అనుచుండగనే, వెనుకనుండి ఒక కోతి వచ్చి చిత్రాన్నపు సంచిని దోచుకొని గోడయెక్కెను!

"అమ్మగారూ, పెనుకొండ గూడ పడిపోయినది!" అని ఒక బాలుడు కేక వేసెను. పెరుగన్నమొక్కటే మిగిలెను. దానినే పదిమందిమి పంచుకొంటిమి.

తినుచు మరియొక బాలుడు "ఈ మహలులో వంటయిల్లేది?" అని యడిగెను. మాకు బదులు తోచలేదు. తిరుమలరాయలు 550 ఏనుగులపై ధనము తరలించెనని సూయెల్ దొర తన విజయనగర చరిత్రమున వ్రాసెను. ఏనుగులకు లెక్క గలదు. ఆ ఏనుగుల వెనుక బిడ్డలను చంకబెట్టుకొని నడచి వచ్చి, ఈ కొండక్రింద క్రొత్తగా పొయ్యి రాజేసిన ఇల్లాండ్రకు లెక్క లేదు.

పార్శ్వనాథుని బసదిని, బాబయ్య దర్గాను, తిమ్మరుసును బంధించిరని జనులు చెప్పుకొను చెరసాలను చూచి, ప్రతిచోటను పిల్లలు అడుగగా మేము చెప్పగా, స్టేషను చేరునప్పటికి ధర్మవరపు బండి వెడలిపోయెను. "నీ తిరుమలరాయలు నీ చీరను కొంపోయెను" అనిరి మావారు.

రాత్రి హిందూపురపు బండిలో, నిద్రపోయిన ఒక బాలుని పుస్తకము జారిపడగా తీసి చూచితిమి. కొట్టివేసిన పంక్తి క్రింద "ఇది అమ్మగారు చెప్పినది" అని యుండెను. ఇల్లు చేరగానే అటకనెక్కి వసుచరిత్రమును దింపి దుమ్ము దులిపితిమి.

చీర మాట మావారు మరచినట్లున్నారు. మేము మరువలేదు.