ఖాళీ పెట్టెలో అక్షరం

హాస్టల్లో చదివినవాళ్లకు పెట్టె అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. రేకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో పేరు, తరగతి. మేము నలుగురం ఇక్కడ చేరిన రోజు మా పేర్లు రాసిచ్చింది ఒక సీనియర్ అన్న. ఇప్పుడు పీజీ చదువుతూ, ఈ వార్షికోత్సవ సంచిక పనికని మళ్లీ వచ్చిన మాకు ఇంకో రకం పెట్టె ఎదురైంది.

సంచిక పేరును పాతకాలపు శాసనాక్షరాల్లో వేయాలని తమ్ముళ్లు పట్టుబట్టారు. "అన్నా, కంప్యూటర్లో పోతన ఫాంటు ఉంది గదా, అది పోతన చేతిరాతేనా?" అని ఒకడు అడిగాడు. కాదు. తిరుమల కృష్ణ దేశికాచారి గారు తయారుచేసిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లలో ఆ కవుల పేర్లున్నాయి గాని వారి రాత లేదు. సిలికానాంధ్ర అందించిన పెద్దన, ధూర్జటి ఫాంట్లూ అంతే. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద కూడా 'సురవరం' ఫాంటు ఉంది. పేర్లు గౌరవంతో పెట్టినవి, అక్షరాలు ఈ కాలంవి.

పాత అక్షరాలను నిజంగా కంప్యూటర్లోకి తెచ్చే పని వేరే దారిలో జరిగింది. ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో 2010లో బ్రాహ్మీ లిపికి చోటు దొరికింది. అందులో 'క' అంటే మన లెక్కల్లోని కూడిక గుర్తే! భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటికి తీసిన ధాతు పేటికల మీద దీర్ఘం గుర్తు మిగతా బ్రాహ్మీ రాతలకంటే వేరుగా ఉంటుంది. ఆ ఒక్క గుర్తుకు కూడా విడిగా నంబరు ఇచ్చారు. మన తెలుగు శాసనాల్లో కనిపించి తర్వాత మాయమైన ఴ 2014లో, ౚ 2015లో, నకారపొల్లు 2021లో చేరాయి. తమిళులు కోఴి అంటే మనం కోడి అంటున్నామే, ఆ అక్షరమే ఴ.

అయితే నంబరు ఉంటే చాలదు. ఆ నంబరుకు రూపం ఫాంటులో ఉండాలి. లేకపోతే తెర మీద ఖాళీ పెట్టె కనిపిస్తుంది. మేము ఴ కొడితే వచ్చింది అదే. ఇలాంటి ఖాళీ పెట్టెలను ఫాంట్లవాళ్లు 'టోఫు' అంటారు. అవి ఉండకూడదనే గూగుల్ తన ఫాంట్లకు 'నోటో' అని పేరు పెట్టింది. బ్రాహ్మీకి కూడా నోటో ఫాంటు ఉంది.

మేము మాత్రం కీసరగుట్ట అక్షరాలు కోరుకున్నాం. అక్కడ బండ మీద 'తొలుచువాండ్రు' అని చెక్కి ఉంది. విష్ణుకుండినుల కాలానిదని, సుమారు 5వ శతాబ్దపుదని పరిశోధకులు చెబుతారు. బ్రాహ్మికీ నేటి తెలుగుకూ నడుమనున్న అలాంటి రాతకు యూనికోడ్‌లో వేరే స్థానం లేదు. కనుక చేత్తో గీయడమే దారి. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లి ఫొటో తీసుకొచ్చాం. దాన్ని చూసి పోచంపల్లిలో మా ఇంటి వాకిట్లో కూర్చొని గ్రాఫు కాగితం మీద గీయడం మొదలుపెట్టాం.

మా అమ్మకు చదువు రాదు. కానీ గ్రాఫు కాగితం చదువుతుంది. కూలికి చీరల నూలుకు రబ్బరు ముక్కలు కట్టీ కట్టీ ఏ గడికి ఏ రంగో ఆమెకు కంటికే తెలుసు. మా కాగితం అందుకొని గడులు లెక్కపెట్టింది.

"గీ కొమ్ము మూడు గడులుంది, గా కొమ్ము నాలుగుంది. ఏది ఖాయం జేస్తరు బిడ్డా?"

మేము ఒక కొమ్మును ఫొటో చూసి గీసి, రెండోదాన్ని అందాజాగా గీశామని అప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది. ఫాంటు చేసేవాళ్లకూ ఇదే చిక్కు. ఒకే అక్షరం శాసనంలో పదిచోట్ల పది తీర్లుగా ఉంటుంది. ఏది గీతో, ఏది బండ పగులో తేల్చుకొని, ఒక్క రూపాన్ని ఖాయం చేయాలి. మిగతా తొమ్మిది తీర్లు, అంటే చెక్కినవాని చేయి వణికిన చోట్లు, ఫాంటులోకి రావు.

"ఇంతకీ ఏం రాసిండ్రు?" అని అడిగింది అమ్మ.

"రాళ్లు తొలిచేటోళ్లు అని అమ్మా."

"మరి వాళ్ల పేర్లు?"

"పేర్లు లేవు. పని పేరొక్కటే."

"చీర మీద నా పేరుందా? గట్లనే." అని మళ్లీ గడుల్లో పడింది.

మాకు నోట మాట రాలేదు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లమని మేము పొంగిపోయిన రోజు కూడా హాస్టల్ కాగితాల మీద అమ్మ వేసింది వేలిముద్రే. వేలిముద్రకు ఏ ఫాంటూ లేదు. రాజులు దానమిచ్చిన సంగతులు వేల శాసనాల్లో ఉన్నాయి. పనిచేసినవాళ్లు తమ గురించి తాము చెక్కుకున్న మాట మనకు ఇంత దగ్గరలో ఉందని ఈ హాస్టల్లో అన్నేళ్లు చదివీ మాకు తెలియదు.

ఆ సాయంత్రం అమ్మ ఇంకో కాగితం అడిగింది. తన పేరు మమ్మల్ని గీయమని, గడులు లెక్కపెట్టుకొని, పక్కన తనే మళ్లీ గీసింది. ఎన్నడో రాత్రిబడికి రమ్మంటే "ఇప్పుడెందుకు బిడ్డా" అన్న మనిషి! నాలుగోసారికి కుదిరింది.

తమ్ముళ్లూ! సంచిక చివరి పేజీలో మీ అందరి పేర్లు కంప్యూటర్లో కొట్టించలేదు. ఎవరి చేతిరాతలో వారివే స్కాన్ చేయించి వేశాం. వంట చేసే అక్కల పేర్లు కూడా ఉన్నాయి. ఒక మూల గడుల మీద గీసిన పేరొకటి కనిపిస్తుంది. రెండో అక్షరం కొమ్ము ఒక గడి ఎక్కువైంది. సరిచేద్దామా అని డీటీపీ చేసే అన్న అడిగాడు. వద్దన్నాం.