అందని కృష్ణ

సాగర్ డ్యాం దిగువన కుడిగట్టు పట్టుకుని సత్రశాల, గోలి, దైద మీదుగా పొందుగుల వంతెన దాకా ఒంటరిగా నడవాలని చాలాకాలంగా ఉండేది. డ్యాం ఎగువన అలాంటి పని కుదరదు. అటంతా నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. దిగువన తండాలున్నాయి, పొలాలున్నాయి, గొర్రెల బాటలున్నాయి. నరసరావుపేటలో పుట్టి పెరిగినవాణ్ణి, కృష్ణను ఎప్పుడు చూసినా ఏదో ఒక వంతెన మీద బస్సు కిటికీలోంచే. ఈసారి పక్కన నడవాలనుకున్నాను.

కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభలు దిగిపోయాక ఫాల్గుణంలో బయల్దేరాను. బ్యాగులో అటుకులు, వేయించిన శనగలు, వేరుశనగ ఉండలు, ఒక దుప్పటి, టార్చిలైటు, రెండు నీళ్ళ సీసాలు. పక్కనే నది ఉన్నప్పుడు అంతకంటే నీళ్ళు మోయడం దండగ అనిపించింది.

విజయపురి సౌత్ నుంచి ఎత్తిపోతల దాకా కష్టమేమీ లేదు. మాచర్ల మీదుగా వచ్చే చంద్రవంక అక్కడ డెబ్బై అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. కింద మడుగులో మొసళ్ళుంటాయి కాబట్టి పైనుంచే వాగు దాటి, చీకటిపడే వేళకు ఒక తండా చేరాను. ఒక ఇంటివాళ్ళు అరుగు మీద చోటిచ్చి జొన్నరొట్టె, మిరపకాయ పచ్చడి పెట్టారు. నేను పోయే దారి చెబితే ఆ ఇంటి పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "గట్టెంబడి పోబాక సారూ. నీళ్ళు కనపడతయ్ గానీ అందవు" అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో మర్నాడు పొద్దెక్కేసరికి తెలిసింది. అక్కడ నది రాతిని కోసుకుంటూ పోయింది. పైన పొరలు పొరలుగా పలకబండలు, అంచు దగ్గర నిట్టనిలువు గోడ, దాని పాదాన నీళ్ళు. సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ ఆనకట్ట కట్టాక సాగర్ పాదం దాకా నీళ్ళు నిలబడుతున్నాయి. పగలు కరెంటు తీసి వదిలిన నీటిని అవసరమైనప్పుడు తిరిగి పైకి తోడుకోవడానికి ఆ ఏర్పాటు. అందువల్ల గోడ కింద నడవడానికి గట్టంటూ లేదు, నేరుగా లోతే. పైన నిలబడితే పచ్చటి నీళ్ళు, అవతలి ఒడ్డున నల్లగొండ జిల్లా పొలాలు, ఎక్కడో ఒక పుట్టిలో చేపలు పట్టేవాడు చీమంత. కేక వేస్తే వాడికి వినపడదు.

మార్చి నెలే అయినా అది రెంటచింతల మండలం పక్క నేల. ఎండల వార్త వచ్చిన ప్రతిసారీ పేపర్లో ముందుండే పేరది. పదకొండు గంటలకే బండ చెప్పులోంచి కాలింది. మొదటి సీసా అప్పటికే అయిపోయింది. రెండోది గుక్కెడు గుక్కెడు తాగుతూ, కిందికి దిగే సందు ఎక్కడైనా దొరుకుతుందేమోనని అంచు వెంట వెతుక్కుంటూ పోయాను. ఒక సందు దొరికింది కూడా. గొర్రెలు దిగిన గుర్తులున్నాయి. సగం దిగాక కాలి కింద పలక ఊడింది. కుడి మడమ రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని శరీరమంతా పక్కకు తిరిగింది. సీసా, సెల్‌ఫోను రెండూ ఎగిరిపోయాయి. సీసా నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది. ఫోను ఎదురుగా బండ మీదే పడింది, అద్దం పిండి పిండి అయింది, ఎంత నొక్కినా వెలగలేదు.

మడమ చూస్తుండగానే వంకాయలా ఉబ్బింది. తువ్వాలు చించి బిగించి కట్టుకున్నాను. ఆ కాలితో ఇక కిందికి దిగలేను. దిగినా మళ్ళీ ఎక్కలేను, కింద నిలబడే చోటూ లేదు. పైకి పాక్కుంటూ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఒక మోదుగ చెట్టు కింద పడ్డాను. ఆకులన్నీ రాలి చెట్టు నిండా ఎర్రటి పూలే, నీడ మాత్రం లేదు.

సాయంత్రానికి నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఉమ్మి రావడం మానేసింది. మూత్రం టీ డికాక్షన్ రంగులో కొద్దిగా వచ్చి మంటపెట్టింది. శనగలు నోట్లో వేసుకుంటే నమలగలిగాను గానీ మింగలేకపోయాను. నన్ను ఎక్కువ భయపెట్టింది చెమట ఆగిపోవడం. ఒళ్ళు వేడిగా, పొడిగా ఉంది. చెమట పడితేనే ఒంట్లో వేడి బయటికి పోతుంది, అది ఆగిందంటే వడదెబ్బ వాకిట్లోకి వచ్చినట్టే.

రాత్రంతా నది చప్పుడు లేకుండా కిందే ఉంది. అవతల అడవిదేవులపల్లి వైపు దీపాలు కనబడ్డాయి. టార్చి ఊపాను, చాలాసేపు ఊపాను. అవతలివాళ్ళకు అది చేపలవాడి దీపమై ఉంటుంది. ఈ పలనాటి నీటి ఎద్దడి మీద విసుక్కుంటూ శ్రీనాథుడు చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటువులు బడిలో నవ్వుకుంటూ చదివాం. ఆ రాత్రి బండ మీద పడుకుంటే ఒక్కదానికీ నవ్వు రాలేదు. మా నేల సంగతి అదే కదా. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ బుగ్గవాగు మీదుగా సాగి గుంటూరు, ప్రకాశం పొలాలు తడిపింది. కాలువకు అందనంత ఎత్తున ఉన్న వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు ఊళ్ళవాళ్ళు వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. నది పక్కన దాహం నాకు ఒక్క రాత్రి ముచ్చట, వాళ్ళకు బతుకంతా అదే.

తెల్లవారుజామున గాలి తిరిగింది. దక్షిణం నుంచి గొంతు గీరుకుపోయే ఘాటు వచ్చింది. దగ్గాను. మిరపకాయల ఘాటు! ఎండబోసిన కల్లం ఎక్కడో ఉంది. కల్లముంటే కాపలా మనిషి ఉంటాడు. నదిని వదిలేసి ఘాటు వచ్చిన వైపు కదిలాను. ఒక కర్ర మీద కొంత దూరం కుంటడం, అది చేతకానప్పుడు కూర్చుని వెనక్కి జరగడం. సర్కారు కంప ముళ్ళు అరచేతుల్లో దిగుతుంటే వాటిని తీసే ఓపిక కూడా లేదు. ఎండెక్కాక గాలి ఆగింది, ఘాటూ పోయింది. ఎటు పోతున్నానో తెలియని స్థితిలో చేతికి నల్లటి రబ్బరు పైపు తగిలింది.

ఎక్కడో అనువైన మలుపులో మోటారు పెట్టి, నదిలోంచి పొలానికి నీళ్ళు తోడుకునే రైతు వేసుకున్న పైపు అది. దాని వెంట జరుగుతూ పోతే ఒకచోట అతుకు వచ్చింది. సైకిల్ ట్యూబు చుట్టి కట్టారు. అక్కడ మట్టి చెమ్మగా ఉంది. నోరు పెట్టాను. చుక్క. కాసేపటికి ఇంకో చుక్క. ట్యూబు విప్పుదామని చూశాను, వేళ్ళు వంగలేదు. ఎంతసేపు అలా పడుకున్నానో చెప్పలేను. ఉన్నట్టుండి పైపు పాములా కదిలింది, బిగుసుకుంది. వ్యవసాయం కరెంటు వచ్చే టైమయినట్టుంది, అతుకు దగ్గర నుంచి నీళ్ళు సర్రున ముఖం మీద కొట్టాయి. ఆబగా తాగి మొత్తం కక్కుకున్నాను. మళ్ళీ తాగాను, ఈసారి కొంచెం కొంచెంగా. తల, మెడ, చొక్కా తడుపుకున్నాను. ఆ తర్వాత పిక్కలు పట్టేశాయి, ఆ నొప్పికి గట్టిగా అరిచాను.

ఆ అరుపు కల్లం దాకా వినిపించింది. నేననుకున్నంత దూరమేమీ లేదు, ఒక దిబ్బ అవతలే. మిరపకోతకు వచ్చిన కూలీలు, వాళ్ళతో ఒక ముసలామె. "ఏందయ్యా, యాడనుంచి వచ్చావు, ఇట్టా అయినావు" అంటూనే నన్ను పందిరి కిందికి మోయించింది. నీళ్ళ చెంబు అందుకోబోతే చెయ్యి పక్కకు నెట్టింది. "ఉత్త నీళ్ళు ఇంక చాలు నాయనా. ముందు ఈ గంజి తాగు" అని ఉప్పు వేసిన గంజి పట్టించింది. కాసేపటికి పిక్కలు వదిలాయి. తర్వాత డాక్టరు చెప్పింది కూడా ఇదే. చెమటతో ఉప్పు పోయిన ఒంటికి ఉత్త నీళ్ళు ఎన్ని తాగించినా సరిపోదు, ఉప్పు కూడా పడాలి.

పొలం కుర్రాడొకడు మోటారుసైకిలు తెచ్చాడు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి వెనక ఇంకొకడు పట్టుకున్నాడు. గతుకు గతుకుకీ మడమలో ప్రాణం పోయింది. "అన్నా, నిద్రపోబాక, మాట్లాడతా ఉండు" అని దారంతా వెనకవాడు నా చెంపల మీద తడుతూనే ఉన్నాడు. పెట్రోలు డబ్బులిస్తానంటే తీసుకోలేదు. ఆసుపత్రిలో సెలైను పెట్టారు. రక్తపరీక్షలో మూత్రపిండాలు దెబ్బతినే దాకా వచ్చి ఆగాయని తేలింది. మడమ ఎముకలో సన్నటి బీట.

నేను ఇంట్లో చెప్పే బయల్దేరాను. అయినా ఆ రాత్రి ఎవరూ కంగారుపడలేదు, ఎందుకంటే నేనింకా నడుస్తూనే ఉండాల్సిన రోజులవి. ఆ గట్టున ఎవరైనా నడవదలిస్తే సంక్రాంతి లోపు ముగించండి. ఉప్పు పొట్లం దగ్గరుంచుకోండి. అన్నిటికంటే ముందు, మీరు సాయంత్రానికి చేరాల్సిన ఊళ్ళో, గుడి దగ్గరో టీకొట్టు దగ్గరో ఒక మనిషిని ఫోనులో పట్టుకుని, రాకపోతే వెతకమని చెప్పి మరీ కదలండి.