బర్మింగ్‌హాం తోలు సీటు

కొన్ని ఊళ్లు మనం చూడకముందే మన ఇళ్లకు వస్తాయి. కొండపల్లి బొమ్మగా వస్తుంది, ధర్మవరం చీరగా వస్తుంది, బందరు లడ్డుగా వస్తుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం మాత్రం మన పల్లెలకు సైకిలుగా వచ్చింది. మన తాతలు, తండ్రులు ఎక్కి తిరిగిన హెర్క్యులెస్ సైకిలుకు పుట్టిల్లు ఆ నగరమే. అక్కడి ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థతో కలిసి 1949లో మద్రాసులో సైకిళ్ల కంపెనీ పెట్టిన తరువాత ఆ ఇంగ్లీషు పేరు మన పెరటి పేరే అయిపోయింది. తండ్రి సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చిన కుర్రవాళ్లకు ఆ సైకిలు సీటు ఎంత ఎత్తులో ఉండేదో, ఎంత గౌరవంగా కనిపించేదో చెప్పనక్కరలేదు గదా!

2019 వేసవిలో ఆ నగరం చూసే అవకాశం నాకు కలిగింది. మా మేనల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. కాపురం నగరానికి పడమర ఓల్డ్‌బరీ వైపు. బర్మింగ్‌హాం అంటే పొగగొట్టాలే అనుకుని వెళ్లినవాడికి అక్కడి కాలువలు ఆశ్చర్యం కలిగిస్తాయి. ఒకప్పుడు బొగ్గు, ఇనుము మోసిన పడవలను గుర్రాలు గట్టు మీద నడుస్తూ లాగేవి. ఇప్పుడు ఆ గట్ల మీద జనం వ్యాహ్యాళికి పోతారు, సైకిళ్లు తొక్కుతారు. మావాడు కూడా ఆ గట్టు మీదనే ఆఫీసుకు పోయేవాడు. రానూపోనూ పదిమైళ్ల పైచిలుకు. దారిలో స్మెదిక్ దగ్గర కాలువకు చాలా ఎత్తున, నూటయాభై అడుగుల ఒకే కమానుతో గాల్టన్ వంతెన ఉన్నది. 1829లో థామస్ టెల్ఫర్డ్ అనే ఇంజనీరు కట్టించిన పోత ఇనుము వంతెన అది. దాని నీడలో నిలబడి పైకి చూస్తే ఇనుముతో అల్లిన లేసులాగా ఉంటుంది.

ఇంత చక్కని దారి ఉండీ మావాడు సైకిలు మానేసే ఆలోచనలో ఉన్నాడు. “కూర్చోడానికి లేదు, నుంచోడానికి లేదు మామయ్యా! ఇంక కారు కొనక తప్పేట్టు లేదు” అన్నాడు. చూస్తే సైకిలుకు దిండులాంటి స్పాంజి సీటు ఉన్నది. మెత్తగానే ఉన్నది గాని, చిక్కంతా ఆ మెత్తదనంలోనే ఉన్నది. మనం కూర్చునేటప్పుడు శరీరం బరువు మోయవలసినవి పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. మరీ మెత్తని సీటులో ఆ ఎముకలు దిగబడిపోతాయి. అప్పుడు మధ్యన ఉన్న స్పాంజి పైకి ఉబికి, ఒత్తిడి పడరాని సున్నితమైన చోట ఒత్తుతుంది. పది నిమిషాలకు హాయిగా ఉన్న సీటు గంటసేపటికి ముల్లవుతుంది.

ఆ ఊళ్లో ఉండి సీటుకోసం వెతకడమంటే గోదావరి గట్టున ఉండి నీళ్లకోసం వెతకడమే. బర్మింగ్‌హాంకు వాయవ్యంగా తొమ్మిది మైళ్లలో వాల్సాల్ అనే పట్నం ఉన్నది. గుర్రపు జీనులకు అది పెట్టింది పేరు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టును కూడా ‘సాడ్లర్స్’ అనే అంటారు. అంటే జీనులు కుట్టేవాళ్లన్నమాట! తెలుగులో గుర్రానికి జీను, సైకిలుకు సీటు అంటాం గాని, ఇంగ్లీషువాళ్లకు రెంటికీ ఒకటే మాట. ఆ మాట వెనుక ఒక కథ ఉన్నది.

జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ అనే ఆయన 1866లో బర్మింగ్‌హాంలో గుర్రాలకు కావలసిన తోలు సామాను చేసే వ్యాపారం పెట్టాడు. కొన్నాళ్లకు ఆయన గుర్రం చనిపోయిందట. పనికి పోవడానికి ఒక సైకిలు ఎరువు తెచ్చుకున్నాడట. ఆ సీటు మీద కూర్చోలేక, దీనికన్నా మంచిది చెయ్యలేనా అని పట్టుబట్టాడట. ఇది ఆ కంపెనీవారు చెప్పుకునే కథ. 1882లో ఆయన తోలు సీటుకు పేటెంటు కోరిన మాట మాత్రం కథ కాదు. నాటి ఆ కంపెనీ తరువాత స్మెదిక్‌కు మారింది. చేతులు కూడా చాలా మారి, 2002లో ఒక ఇటలీ సంస్థ పాలయింది. మేము చూసినప్పుడు ఫ్యాక్టరీ స్మెదిక్‌లో డౌనింగ్ వీధిలోనే ఉన్నది. బయటినుంచి చూస్తే అంత పేరున్న చోటని ఎవరూ అనుకోరు.

ఈ సీటు కిటుకు మన నులక మంచం కిటుకే. కింద బల్ల లేదు, పైన పరుపు లేదు. అయిదారు మిల్లీమీటర్ల మందం గల తోలును తడిపి, మూసమీద ఒత్తి, ఆరబెట్టి, ముందూ వెనకా ఇనుప చట్రానికి రివిట్లతో బిగిస్తారు. కొన్ని రకాలకు రాగి రివిట్లు వేసి చేత్తోనే సుత్తితో కొడతారు. నడుమ తోలు ఉయ్యాలలాగా వేళ్లాడుతుంది. కొత్తలో చెక్కలాగా గట్టిగా ఉంటుంది. ఎక్కగా ఎక్కగా ఎముకలు తగిలే రెండు చోట్లా చిన్న గుంటలు పడి, ఆ మనిషి కొలతకు తానే కుదురుకుంటుంది. కొందరికి వారంలో కుదురుతుంది, కొందరికి కొన్ని వందల మైళ్లు పడుతుంది.

అన్ని తోళ్లకూ ఈ గుణం లేదు. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మెత్తగా సాగుతుంది గాని, ఇచ్చిన ఆకారాన్ని పట్టుకుని ఉండదు. చెట్టు చెక్కల కషాయంలో నిదానంగా పదునైన తోలే ఇలా కుదురుకుంటుంది. ఆ మాట వినగానే నాకు మన తంగేడు గుర్తు వచ్చింది. బతుకమ్మకు పువ్వునిచ్చే తంగేడే, ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడే, తన చెక్కతో దక్షిణదేశపు తోళ్లను పదును చేసింది. అలా చేసిన తోళ్లు పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఇంగ్లండుకు పోయేవి. ఆ పని చేసిన చేతులు మన ఊళ్లలో ఏ గౌరవానికి నోచుకున్నాయి? చెప్పు మొదలు కపిల బాన దాకా వాళ్ల చేతి తోలు లేనిదే మన సేద్యం ఒక్కరోజు సాగలేదు. అయినా వాళ్లను ఊరికి దూరంగానే ఉంచాము. వాల్సాల్‌లో తోలుపనికి ఒక మ్యూజియమే కట్టుకున్నారు. అక్కడి పనిముట్లు, ఆరెలు, గూటాలు చూస్తున్నంతసేపూ నాకు ఈ ఆలోచన వదలలేదు.

ఇక మావాడి సంగతి. కొత్త తోలు సీటు వంద పౌన్ల చేరువలో ఉన్నది. అంటే ఆనాడు మన డబ్బులో తొమ్మిదివేలు. “పాతది సగం ధరకు వస్తుందిగా?” అన్నాడు. ఒక దుకాణంలో పాతవి చూశాము. ఒకటి పడవలాగా నడుమ కుంగిపోయింది. మరొకటి నిగనిగలాడుతున్నది గాని, దాని గుంటలు ఎవరివో! దుకాణదారు వృద్ధుడు. “చెప్పుల జత సంగతి ఎంతో, ఇదీ అంతే. ముందు నీ కొలత చూసుకో” అని ఒక ముడతల అట్టముక్క బల్లమీద వేసి మావాణ్ణి కూర్చోమన్నాడు. లేచిన తరువాత అట్టమీద పడిన రెండు గుంటల నడిమి దూరం కొలిచాడు. సీటు అంతకన్నా కొంచెం వెడల్పుండాలట. నిటారుగా కూర్చుని తొక్కేవారికి స్ప్రింగులున్న వెడల్పు సీటు, ముందుకు వంగి తొక్కేవారికి సన్నది. ఆడవారికి ఆ ఎముకల నడుమ దూరం సాధారణంగా ఎక్కువ గనుక, వారికోసం వెడల్పైన, పొట్టి సీట్లు వేరే ఉన్నాయి. మావాడు చివరికి కొత్తదే కొన్నాడు.

కొన్నంతలో అయిపోలేదు. సీటును సమంగానో, ముక్కు వెంట్రుకవాసి పైకో బిగించాలి. ముక్కు కిందికి వాలితే మనిషి జారి, బరువంతా చేతులమీద పడుతుంది. మడమ పెడలుమీద పెట్టి కాలు చాస్తే మోకాలు నిటారుగా రావాలి. ఎత్తుకు అది గుర్తు. కొవ్వు, మైనం కలిపిన ప్రత్యేకమైన లేపనం దొరుకుతుంది. కొత్తలో పైనా కిందా పలుచగా రాసి, మర్నాడు పొడిగుడ్డతో తుడవాలి. తరువాత ఏడాదికి రెండు మూడుసార్లు చాలు. మన ఇళ్లలో చెప్పులకు ఆముదం పట్టించినట్టు నూనె ముంచితే తోలు మరీ మెత్తబడి సాగిపోతుంది.

వానలో సైకిలు నిలిపినప్పుడు సీటుకు తొడుగు వెయ్యాలి. చక్రం చిమ్మే నీళ్లు అడుగునుంచి తగలకుండా మడ్‌గార్డు ఉండాలి. ఖర్మచాలక తడిస్తే ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని పెట్టరాదు, నీడనే ఆరనివ్వాలి. తడి తోలుమీద ఎక్కితే అది సాగుతుంది. మన వానకాలంలో బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి గాలి తగలనివ్వాలి. సీటు ముక్కు కింద ఒక మరచుట్టు ఉన్నది. తోలు బాగా వదులైనప్పుడు దాన్ని పావు చుట్టు తిప్పితే చాలు. అదేపనిగా బిగిస్తే రివిట్ల దగ్గర చిరుగుతుంది. అంచులు బయటికి విచ్చుకుంటే రెండువైపులా బెజ్జాలు చేసి, అడుగున తాడుతో లాగి కట్టే పద్ధతి కూడా ఉన్నది. మరమ్మతు చేయించుకోగలిగిన వస్తువు, పారవెయ్యనక్కరలేని వస్తువు ఈరోజుల్లో ఎన్ని ఉన్నాయి చెప్పండి!

మూడు వారాలు మావాడు మూలుగుతూనే తొక్కాడు. నేను తిరిగివచ్చిన రెండు నెలలకు ఫోను చేశాడు. “కారు మాట వాయిదా పడింది మామయ్యా. కాని కొత్త తగాదా వచ్చింది. ఆదివారం నా సైకిలు ఇమ్మంటోంది మీ కోడలు. సైకిలు ఇస్తాను, సీటు ఇవ్వనన్నాను” అన్నాడు. ఆ తగాదా తీర్చడానికి అట్టముక్క ఒక్కటి చాలునని చెప్పాను.