హేల్‌థార్ప్ షెడ్డులో మా పైలట్

అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి నైరుతి మూల, విమానాశ్రయానికి దగ్గర్లో ఉంటుంది హేల్‌థార్ప్. వరసగా గోదాములు, షెడ్లు. విజయవాడ ఆటోనగర్‌ని కడిగి ఆరబెట్టినట్టుంటుంది, టీ కొట్టు ఒక్కటే లోటు. వెహికిల్స్ ఫర్ చేంజ్ అనే సేవాసంస్థ గ్యారేజీ అక్కడుంది. మార్టిన్ ష్వార్ట్జ్ అనే ఆయన 1999లో దీన్ని మొదలుపెట్టాడు. జనం వాడి వదిలేసిన కార్లను దానం పుచ్చుకుని, బాగుచేసి, కారు లేక పనికి వెళ్లలేని కుటుంబాలకు కొద్దిపాటి సొమ్ముకి ఇస్తారు. మా అల్లుడు తన 2010 హోండా పైలట్‌ని వీళ్లకిస్తానన్నాడు. ఫోన్ చేస్తే ట్రక్కు ఇంటికే వచ్చి ఎత్తుకుపోతుందట. నేనే పట్టుబట్టాను, మనమే తీసుకెళ్దామని. పిల్లలు పెరిగిన బండి, ఏ గూటికి చేరుతుందో చూడాలి కదా.

దారిలో అల్లుడు లెక్కలు చెప్పాడు. ఈ దేశంలో పబ్లిక్ రేడియో స్టేషన్ల దగ్గర్నుంచి చర్చిల దాకా కార్లు దానంగా పుచ్చుకుంటాయి. చాలా సంస్థలు ఆ బండి మొహం కూడా చూడవు. మధ్యవర్తి కంపెనీ దాన్ని నేరుగా వేలానికి తోలి, తన ఖర్చులూ కమీషనూ మినహాయించుకుని మిగిలింది పంపిస్తుంది. ఒకప్పుడు దాతలు మాత్రం ధరల పుస్తకంలో ఉన్న అంకె చూపించి పన్ను తగ్గించుకునేవారు. 2000 సంవత్సరానికి సుమారు 7,33,000 రిటర్నుల్లో బండి దానం కనిపించిందని అమెరికా కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే జీఏఓ 2003లో లెక్క తేల్చింది. మచ్చుకి 54 బండ్ల జాడ తీస్తే, మూడింట రెండు వంతుల బండ్ల విషయంలో దాత చూపించిన విలువలో 5 శాతమో అంతకన్నా తక్కువో సంస్థకి చేరింది. ఆ తర్వాతే, 2004లో, చట్టం బిగించారు. 500 డాలర్లు దాటి మినహాయింపు అడిగితే, సంస్థ బండిని ఎంతకి అమ్మిందో అంతే చెల్లుతుంది. సంస్థ దాన్ని పేద కుటుంబానికి చవగ్గా ఇచ్చేస్తే మాత్రం మార్కెట్ ధర మొత్తం చూపించుకోవచ్చు. పన్నుల చట్టంలో మనసున్న వాక్యం ఒకటి దొరకడం అరుదు, అందుకని గుర్తుపెట్టుకున్నాను.

"మరి మీకెంత కలిసొస్తుంది?" అన్నాను.

"ఏమీ రాదు మావయ్య గారూ. 2017 చట్టంతో స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపయింది. ఇంటి వడ్డీ, విరాళాలు, అన్నీ కలిపినా మేం దాన్ని దాటం. వాళ్లిచ్చే కాగితం ఫైల్లో పెట్టుకోవడానికే."

"అమ్మెయ్యొచ్చుగా?"

"డీలర్ ఇస్తానన్న ధర వింటే మీరే దానం చెయ్యమంటారు."

షెడ్డులో బండిని అందుకున్న కుర్రాడు శిక్షణలో ఉన్న మెకానిక్. జైలు నుంచి విడుదలై వచ్చినవాళ్లకి జీతమిస్తూ మెకానిక్ పని నేర్పించడం ఈ సంస్థ 2015 నుంచి చేస్తోంది. ఇతనూ అలా వచ్చినవాడే. మేం ముందురోజు సబ్బు పెట్టి తోమిన బానెట్ వంక అతను కన్నెత్తి చూడలేదు. లిఫ్టు మీద పైకెత్తి, లైటు పట్టుకుని కిందికి దూరాడు. చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరుగుతుంది గానీ ఆ ఉప్పు బండి అడుగుభాగాన్ని నమిలేస్తుంది. పైన రంగు మెరుస్తున్న కారు కింద ఫ్రేము పుచ్చిపోయి ఉండొచ్చు. అక్కడక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి, "పైపై తుప్పే" అన్నాడు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు? రసీదు ఉందా? టకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్ కింద ఇన్‌ఫ్లేటర్ మార్పించారా? ఈ మోడల్ కూడా అందులో ఉంది. సంబంధం చూడ్డానికొచ్చిన పెద్దమనిషి కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యడు. అల్లుడు రసీదుల కవరు తీశాడు.

అన్నీ బాగానే ఉన్నా పెద్ద బండి అనేదే చిక్కని తెలిసింది. ఈ పైలట్ సగటున గ్యాలన్‌కి సుమారు 18 మైళ్లే ఇస్తుంది. గంటల కూలి మీద బతికే మనిషికి అది నెలనెలా పెట్రోలు బంకులో కట్టే జరిమానా. "కరోలా లాంటిది వస్తే మాకు పండగ," అన్నాడా అబ్బాయి నవ్వుతూ. ముగ్గురు నలుగురు పిల్లలున్న తల్లి అయితే వేరు. కార్ సీట్లు వరసగా పట్టాలంటే ఇదే కావాలి.

అసలు కారు ఎందుకంత అవసరం? బాల్టిమోర్‌లో బస్సులున్నాయి, ఒక మెట్రో లైను, ఒక లైట్ రైలు ఉన్నాయి. తూర్పు పడమరలను కలపాల్సిన రెడ్ లైన్ రైలు పథకాన్ని 2015లో అప్పటి గవర్నర్ లారీ హోగన్ రద్దు చేశాడు. 2023లో తర్వాతి గవర్నర్ వెస్ మూర్ మళ్లీ పైకి తీశాడు గానీ పట్టాలింకా పడలేదు. పనులిచ్చే గోదాములేమో శివార్లలో. రాత్రి షిఫ్టు వదిలే వేళకి బస్సు ఉండకపోతే ఆ ఉద్యోగం ఉన్నా లేనట్టే. అందుకే ఈ సంస్థ దగ్గర కారు కావాలంటే ఉద్యోగమో, ఉద్యోగం ఇస్తామన్న మాటో ఉండాలి, సహాయ సంస్థ ఏదైనా సిఫారసు చెయ్యాలి.

ఆఫీసు గదిలో టైటిల్ కాగితం మీద అల్లుడు సంతకం పెట్టాడు, ఓడోమీటర్ అంకె రాశాడు. నంబరు ప్లేట్లు మాత్రం విప్పి మా చేతికే ఇచ్చారు. మేరీల్యాండ్‌లో ప్లేట్లు రవాణా శాఖకి అప్పజెప్పకుండా ఇన్సూరెన్స్ ఆపితే జరిమానా పడుతుంది. మన దగ్గరా బండి ఇచ్చెయ్యడం సులువే, కాగితమే కష్టం. ఆర్‌సీ బదిలీ కాకుండా చేతులు మారిన బండి ఎవరినైనా గుద్దితే బాధ్యత రిజిస్టర్లో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. దానం చేసి ఆ భయంతో ఎవరు పడుకుంటారు?

"ఎవరికిచ్చారో మాకు చెబుతారా?" అని ఆఫీసులో ఉన్నావిడని అడిగాను. పేర్లు చెప్పరట. 1098-సి అనే ఫారం పోస్టులో వస్తుందని, కుటుంబానికి ఇచ్చేదయితే అందులో ఒక గడిలో టిక్కు ఉంటుందని, అమ్మేస్తే ఎంతకమ్మారో ఉంటుందని చెప్పిందావిడ.

పన్నుకి పనికిరాదన్న ఆ కాగితం కోసం మా అల్లుడు ఇప్పుడు సాయంత్రం కాగానే పోస్టు డబ్బా తెరిచి చూస్తున్నాడు.